కమాను కింద దారి, కమాను పైన ఇల్లు

(కాకినాడలో ఒక చిన్న సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారమండీ. మొదట ఒక ప్రశ్న అడుగుతాను. మీలో ఎంతమంది ఇళ్లకు అరుగులుండేవి? చేతులెత్తండి. చూశారా, ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లు దాదాపు అందరూ ఎత్తారు, వెనక కూర్చున్న పిల్లల్లో ఒక్కరు కూడా ఎత్తలేదు. సరే, ఆ అరుగు ఎవరిది? ఇంటివాళ్లదే, దస్తావేజులో వాళ్ల పేరే ఉంటుంది. కానీ వాన పడితే బడిపిల్లలు ఎక్కడ నిలబడేవాళ్లు? ఎండన పడి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లు? అందరినీ కూర్చోనిచ్చారని నేననను, మన ఊళ్లలో కులాల సంగతి మనకు తెలుసు. అయినా అరుగంటే సగం ఇల్లు, సగం వీధి. ఇవాళ నేను చెప్పబోయే ఊరు సముద్రానికి అవతల ఎక్కడో ఉంది, ఫ్రాన్స్‌లో. కానీ ఆ ఊళ్లో అడుగు పెట్టిన మొదటి రోజు నాకు గుర్తొచ్చింది మా తాతగారి అరుగే.

ఆ ఊరి పేరు లా రోషెల్. ఫ్రాన్స్ పడమటి తీరంలో, అట్లాంటిక్ మీద పాత ఓడరేవు. పాత కట్టడాల మరమ్మతు పని నేర్చుకోవడానికి వెళ్లి నాలుగేళ్లున్నాను. ఇక్కడ యానాం నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, బాగుంది. 1954 దాకా మీ ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి మీకు ఈ కథ కాస్త దగ్గరగా అనిపించవచ్చు.

రేవు మూతి దగ్గర రెండు బురుజులుంటాయి. ఒకదాని పేరు సెయింట్ నికొలస్ బురుజు, రెండోదాన్ని గొలుసు బురుజు అంటారు, ఎందుకంటే ఈ రెంటి మధ్యా గొలుసు లాగి కట్టి రేవు మూసేసేవాళ్లు. వాటిని దాటి లోపలికొచ్చి, పెద్ద గడియారం ఉన్న ద్వారం కిందుగా నడిస్తే పాత ఊరు మొదలవుతుంది. అక్కడి నుంచి మీకు గొడుగు పెద్దగా అక్కర్లేదు. వీధికి రెండు పక్కలా ఇళ్ల కింద కమానులే, కమాను తర్వాత కమాను. ఇంటి పై అంతస్తులు ముందుకొచ్చి స్తంభాల మీద, కమానుల మీద నిలబడి ఉంటాయి. వాటి కింద నడవ, ఆ నడవ లోపలి పక్కన అంగళ్లు. ఊళ్లోవాళ్లు దీన్ని పోర్ష్ అంటారు.

దగ్గరికెళ్లి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఏ రెండు కమానులూ ఒకేలా ఉండవు. ఒకటి గుండ్రంగా ఉంటుంది, పక్కది చదునుగా, ఆ పక్కది అసలు కమానే కాదు, రాతి స్తంభం మీద పెద్ద దూలం. నడవలో నేల కూడా ఒక ఇంటి దగ్గర పైకి, ఇంకో ఇంటి దగ్గర కిందికి. ఎందుకలా? ఎవరి ముక్క వాళ్లు కట్టుకున్నారు కాబట్టి. హైదరాబాదులో పత్తర్‌గట్టి చూశారుగా, చార్మినార్ దగ్గర? అక్కడ కూడా కింద కమానులు, అంగళ్లు, పైన గదులు. కానీ అది ఒక ప్రభుత్వ సంస్థ ఒకే నమూనాతో కట్టించింది, అందుకే రాయి, వరుస అన్నీ ఒకేలా ఉంటాయి. లా రోషెల్‌లో అలా కాదు, వందలమంది వర్తకులు వందల ఏళ్లలో ఎవరి డబ్బుతో వాళ్లు కట్టుకుంటూ పోయారు, కానీ నడవ మాత్రం ఎక్కడా తెగకుండా చూసుకున్నారు. నా స్థలంలో నీకు దారి ఇస్తాను, నీ స్థలంలో నాకు దారి ఇవ్వు. అంతే. ఇప్పటికీ ఆ నేల చాలాచోట్ల ఇంటి యజమానిదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ.

చరిత్ర త్వరగా చెప్పేస్తాను. ఉప్పు, ద్రాక్షసారా అమ్ముకుని పైకొచ్చిన ఊరు. 1199లో ఆ ప్రాంతాన్ని ఏలిన ఎలినార్ రాణి ఇచ్చిన హక్కులతో సొంతంగా మేయర్‌ను పెట్టుకుంది. తర్వాత ప్రొటెస్టెంటుల, అంటే పోపు మాట ఒప్పుకోని క్రైస్తవుల కోట అయింది, రాజేమో కేథలిక్, 1627లో రాజు సైన్యం చుట్టుముట్టింది, రిషెల్యూ అనే మంత్రి సముద్రంలోకే గట్టు కట్టించి రేవును మూయించాడు. ఏడాదికి పైగా ముట్టడి. ఊళ్లో వేలమంది ఆకలితో పోయారు. 1628 అక్టోబరులో లొంగిపోయారు. రాజు కోటగోడలు కూల్చమన్నాడు, రేవు దగ్గర బురుజులు మిగిలాయి. వర్తకుల వీధులూ మిగిలాయి.

ఇక 18వ శతాబ్దం. ఇది మాత్రం త్వరగా దాటకూడదు. ఈ ఊళ్లో మీరు చూసే చక్కటి రాతి భవనాలు, నున్నటి ముందు గోడలు, ఇనుప అల్లికల బాల్కనీలు, వాటిలో చాలా భాగం ఆ కాలపు డబ్బుతో కట్టినవి. ఆ డబ్బు ఎక్కడిది? కెనడా నుంచి వచ్చిన బొచ్చు తోళ్ల వ్యాపారం కొంత. కరీబియన్ దీవుల పంచదార చాలా. ఆ పంచదార తోటల్లో పని చేసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా ఎత్తుకెళ్లిన మనుషులు, వాళ్లను తీసుకెళ్లడానికి ఈ రేవు నుంచే ఓడలు వందలసార్లు బయలుదేరాయి. ఫ్రాన్స్‌లో బానిస వ్యాపారం బాగా నడిచిన రేవుల్లో ఇదొకటి. ఫ్లోరియో అనే కుటుంబానికి ఇప్పటి హైతీలో పంచదార తోట ఉండేది, ఊళ్లో వాళ్ల భవనాన్ని 1982లో మ్యూజియం చేశారు, ఆ కథంతా అక్కడ చూపిస్తారు. 2015లో ఆ భవనం ఆవరణలోనే తుస్సేన్ లువెర్త్యూర్ విగ్రహం పెట్టారు, బానిసల తిరుగుబాటుకు నాయకత్వం వహించినాయన. చెక్కింది సెనెగల్ శిల్పి ఉస్మాన్ సో. నాకైతే ఇది చాలా ముఖ్యమైన పని అనిపించింది. ఇల్లు కాపాడాలంటే ఆ ఇల్లు ఎవరి రక్తంతో లేచిందో అది కూడా కాపాడాలి. గోడకు సున్నం కొట్టి కథను దాచేస్తే అది కాపాడడం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం సంగతి కూడా వినండి. జర్మన్లు ఇక్కడ జలాంతర్గాముల స్థావరం కట్టారు, యుద్ధం చివరి దాకా ఊరు వాళ్ల చేతిలోనే ఉంది. 1944 అక్టోబరులో జర్మన్ అడ్మిరల్ షిర్లిట్జ్, ఫ్రెంచ్ అడ్మిరల్ మెయెర్ (ఊరి మేయర్ కాదు, ఆయన పేరే అది) ఒక ఒప్పందానికొచ్చారు, జర్మన్లు రేవును పేల్చేయకూడదు, ఫ్రెంచివాళ్లు ఊరి మీద దాడి చేయకూడదు. దక్షిణాన అదే తీరంలో రుయాఁ అనే ఊరు ఉంది, దానికి ఇలాంటి ఒప్పందం లేదు, 1945 జనవరిలో బాంబులు పడి నేలమట్టమైంది. అక్కడ ఇప్పుడు చూస్తే అంతా 1950ల కాంక్రీటే. ఒకే తీరం, ఒకే యుద్ధం. ఒక ఊరికి కమానులు మిగిలాయి, ఇంకో ఊరికి ఏమీ మిగల్లేదు.

మరి యుద్ధం తప్పించుకున్నాక గండం గడిచినట్టేనా? లేదు. అసలు గండం శాంతి కాలంలోనే వచ్చింది. 1950ల్లో ఫ్రాన్స్ అంతటా పాత పేటలను మురికి పేటలు అని ముద్ర వేసి, బుల్డోజరు పెట్టి కూల్చి, కొత్తగా కట్టేవాళ్లు. నిజంగానే ఆ ఇళ్లలో బాత్రూములు లేవు, గాలి లేదు, క్షయ రోగం ఉండేది. కూల్చేవాళ్లందరూ చెడ్డవాళ్లని నేననుకోను. అప్పటికి చట్టం ఏముండేది? 1913 చట్టం ఒక్కో కట్టడాన్ని విడిగా కాపాడేది. చర్చి, కోట, రాజభవనం. మరి మామూలు వర్తకుడి ఇల్లు? దాన్ని విడిగా చూస్తే గొప్ప ఏముంది, నాలుగు గదులు, ఒక కమాను. కానీ పక్కపక్కన నలభై ఇళ్లు నిలబెడితే అది ఒక వీధి. వరసలో మూడు ఇళ్లు తీసేస్తే నడవ తెగిపోతుంది, తెగిన నడవలో ఎవరు నడుస్తారు?

సాంస్కృతిక మంత్రిగా ఉన్న ఆంద్రే మాల్రో 1962 ఆగస్టు 4న తెచ్చిన చట్టం పట్టుకున్నది ఈ మాటనే. ఒక్కో కట్టడం కాదు, పేట మొత్తాన్ని కలిపి కాపాడాలి. అలాంటి పేటకు ప్రతి ఇల్లూ కొలిచి ఒక పెద్ద పటం గీస్తారు. ఆ పటం మీద ఏ ఇల్లు కదపకూడదో, ఏది మార్చుకోవచ్చో రంగుల్లో ఉంటుంది. పసుపు రంగు వేస్తే అది కూల్చాల్సింది అని అర్థం, అంటే పెరట్లో తర్వాత కట్టేసిన షెడ్లు, గాలీ వెలుతురూ ఆపేసే గదులు. నేను మొదటిసారి ఆ పటం చూసినప్పుడు ఆశ్చర్యపోయింది ముందు గోడల గురించి కాదు, లోపలి సంగతుల గురించి. మెట్లు, పొయ్యి గూడు, చెక్క పైకప్పు, ఇవి కూడా రక్షణ కిందికే వస్తాయి. బయట గోడ ఒకటి ఉంచి లోపలంతా తోడేసి లిఫ్టు పెట్టేస్తానంటే కుదరదు. దీని మీద కాపలాకు ప్రభుత్వం తరఫున ఒక ఆర్కిటెక్టు ఉంటారు, ఆ మనిషి ఒప్పుకోకపోతే పర్మిషన్ రాదు. ప్లాస్టిక్ కిటికీ పెట్టుకుంటానన్నా, బోర్డు పెద్దది పెడతానన్నా, ముందు ఆ సంతకం కావాలి. జనం విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నాను, ఒక్క తలుపు రంగు కోసం నెలలు తిరిగాం. కానీ ఆ సంతకం లేని ఊళ్లు కూడా చూశాను కాబట్టి, ఆ నెలలు పోయినా పరవాలేదనే అంటాను.

లా రోషెల్‌కు ఇంకో అదృష్టం మేయర్ మిషెల్ క్రెపో. 1971 నుంచి 1999లో చనిపోయేదాకా ఆయనే మేయర్. 1970ల్లోనే పాత ఊళ్లో వీధుల్ని కాలినడకకు వదిలారు, 1976లో జనానికి పసుపు రంగు సైకిళ్లు పెట్టారు, 1997 సెప్టెంబరు 9న కార్లు లేని రోజు జరిపారు. కార్లకూ కమానులకూ సంబంధం ఏమిటంటారా? మెత్తటి సున్నపు రాయి మీద పొగ నల్లటి పెచ్చులా పేరుకుంటుంది, ఆ పెచ్చు ఊడినప్పుడు రాయిని కూడా కొంత పట్టుకుని ఊడుతుంది. లారీ వెనక్కి వస్తూ స్తంభం మూల కొట్టేయడం సరేసరి.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన విషయానికొస్తాను, ఓపిక పట్టండి. సున్నం.

అక్కడి రాయి తెల్లటి సున్నపు రాయి. నీళ్లు పీలుస్తుంది. సముద్రం పక్కనే, గాలిలో ఉప్పు, నేల లోంచి వచ్చే చెమ్మలో ఉప్పు. 2010 ఫిబ్రవరిలో సింతియా తుపాను వచ్చినప్పుడు రేవు గట్టు దాటి సముద్రపు నీళ్లు ఊళ్లోకే వచ్చాయి. రాయిలోకి వెళ్లిన నీళ్లు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి కదా? ఎక్కడి నుంచి ఆవిరైతే అక్కడ ఉప్పు గట్టిపడి పలుకులవుతుంది, ఆ పలుకులు పెరిగి చుట్టూ ఉన్నదాన్ని పగలగొడతాయి. రాళ్ల మధ్య సున్నం ఉంటే నీళ్లు ఆ సున్నం గుండా బయటికొస్తాయి, ఉప్పు అక్కడే గట్టిపడుతుంది, సున్నమే పొడిగా రాలుతుంది. కొన్నేళ్లకోసారి గీకేసి మళ్లీ నింపుతారు. రాయికేమీ కాదు. అదే సిమెంటు పెట్టారనుకోండి, సిమెంటు నీళ్లను రానివ్వదు. నీళ్లు రాయి గుండానే రావాలి. ఉప్పు రాయి లోపలే గట్టిపడుతుంది. అప్పుడు ఏమవుతుంది? సిమెంటు చెక్కుచెదరకుండా ఉంటుంది, రాయి పొరలు పొరలుగా రాలిపోతుంది. ఇలాంటి స్తంభాలు నేను కళ్లారా చూశాను, చుట్టూ సిమెంటు గీతలు గళ్లు గళ్లుగా మిగిలి, మధ్యలో రాళ్లు తినేసినట్టు లోపలికి పోయి ఉంటాయి.

నాకు పని నేర్పిన మేస్త్రీ అక్కడ ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, అతికేది రాయి కన్నా మెత్తగా ఉండాలి అని. మా తాతగారి ఇంటికి గానుగ సున్నం వాడారండీ, ఎద్దు తిరిగే గానుగలో రుబ్బిన సున్నం. ఆ గోడలు ఊపిరి పీల్చేవి. మా మేనమామలు ఒక ఎండాకాలం దాని మీద సిమెంటు ప్లాస్టరింగు చేయించారు, గట్టిగా ఉంటుందని. మూడో వానాకాలానికి గోడ లోపల ఇటుక పిండయింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ గోడకు ఏమైందో నాకు అర్థమైంది ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల, పరాయి మేస్త్రీ చెప్పాక.

ఇంకో ముచ్చట, ఈ ఊళ్లో పాత ఇళ్లు కొన్ని కింద రాయి, పైన చెక్క చట్రం. చెక్కకు ఉప్పు వాన తగలకుండా గోడంతా నల్లటి పలకలు కొట్టారు, చేప పొలుసుల్లాగా. పలకలంటే మనం అఆలు దిద్దిన పలకలే, ఆ రాయే. మార్కాపురం వైపు వాళ్లు ఆ గోడలు చూస్తే ఇది మా రాయే అంటారు. ఆ పలకల్లో ఒక్క మేకు తుప్పు పట్టి ఒక్కటి జారితే చాలు, వెనక చెక్క తడవడం మొదలవుతుంది. ఆ జారిన పలకను ఎవరు చూస్తారు? పైన ఉండేవాళ్లు చూస్తారు. గోడ మీద మరక కనిపిస్తే మనిషిని పిలుస్తారు. పైన ఎవరూ లేకపోతే?

నేను ఇవాళ ఇంత దూరం వచ్చింది ఈ మాట చెప్పడానికే. అక్కడ నేను పని చేసిన ఒక ఇల్లుంది. కింద బట్టల కొట్టు, ధగధగ మెరిసే అద్దాలు, లైట్లు. కమాను చక్కగా కడిగి ఉంది. పైన మూడు అంతస్తులు ముప్ఫై ఏళ్లుగా ఖాళీ. ఎందుకు ఖాళీ? మెట్లు లేవు. ఎప్పుడో కొట్టును పెద్దది చేసుకోవడానికి పక్కనున్న సన్నటి దారినీ మెట్లనూ తీసేసి కొట్టులో కలిపేశారు. కింది అద్దె అంత వస్తున్నప్పుడు పైగదుల అద్దె ఎవరిక్కావాలి? లెక్క ప్రకారం యజమాని చేసింది లాభమే. మేము పక్కింటి అటక మీంచి నిచ్చెన వేసుకుని దిగాం. పావురాల రెట్ట మోకాలి లోతు. వాన కాలువ ఆకులతో పూడిపోయి నీళ్లు గోడలోకి పోతున్నాయి. పెద్ద టేకు దూలమంత లావున్న ఓక్ దూలం, దాని కొస గోడలో ఉండే చోట చెయ్యి పెడితే తడిసిన బిస్కెట్‌లా చేతిలోకొచ్చింది. ఆ కొస మీదే కదా బరువంతా ఉండేది? అది మెత్తబడ్డాక బరువు ముందు గోడ మీదికి జరిగింది, ముందు గోడ కమాను మీద ఉంది, కమాను స్తంభం వీధి వైపు బొటనవేలంత ఒరిగింది. కింద ఆ స్తంభం పక్క నుంచే పిల్లలు బడికి పోతున్నారు.

పటం ఉంది, చట్టం ఉంది, సంతకం పెట్టే ఆర్కిటెక్టు ఉన్నారు. అయినా ఇల్లు పడిపోయే దాకా వచ్చింది. చట్టం కూల్చొద్దని చెప్పగలదు, అక్కడ ఉండమని ఎవరికీ చెప్పలేదు.

డబ్బు సాయం ఉందండీ. ఇలాంటి పేటలో ఇల్లు బాగుచేయించి అద్దెకిస్తే ఖర్చులో 30 శాతం పన్నులో తగ్గిస్తారు, నాలుగేళ్లలో 4 లక్షల యూరోల ఖర్చు దాకా, తొమ్మిదేళ్లు అద్దెకిస్తానని మాట ఇవ్వాలి. మంచిదే. కానీ ఎక్కడో దూరంగా ఉండే డబ్బున్నవాళ్లు పన్ను కోసం కొంటారు, ఆ ఇంట్లో వాళ్లు ఒక్క రాత్రి కూడా పడుకోరు. ఇక టూరిస్టులకు రోజువారీ అద్దె. సముద్రం పక్క ఊరు, ఎండాకాలం వారం అద్దె ఏడాదంతా ఉండేవాళ్ల నెల అద్దెను మించిపోతుంది. 2024 నవంబరులో ఫ్రాన్స్ కొత్త చట్టం చేసింది, సొంతంగా ఉండే ఇంటిని టూరిస్టులకు ఏడాదికి 120 రోజులు ఇవ్వొచ్చు అన్నదాన్ని 90 రోజులకు తగ్గించే అధికారం ఊళ్లకు ఇచ్చారు. ఇలాంటివి కావాలి. టూరిస్టు చెడ్డవాడు కాదు. కానీ గోడ మీద కొత్త మరక చూసి ఇది పోయిన నెల లేదే అనగలిగేది అక్కడ ఏడాదంతా ఉండే మనిషే.

ఆ ఇంటికి ఏం చేశామో చెబుతాను. దూలం కొస కోసేసి కొత్త ఓక్ ముక్క అతికాం, స్తంభాన్ని ఉక్కు ఆసరాలతో పట్టి కింది రాళ్లు నాలుగు మార్చాం, సిమెంటు గీకి సున్నం పెట్టాం. అవి పెద్ద కష్టం కాలేదు. కష్టమైంది మెట్లు. కొట్టువాళ్లు ఒక అడుగు కూడా వెనక్కి ఇవ్వం అన్నారు. ఏడాది మాటలు నడిచాక పక్కింటి ఆవిడ, ఒంటరిగా ఉండే ముసలావిడ, తన మెట్లు వాడుకోండి, మధ్య గోడలో ప్రతి అంతస్తుకూ ఒక తలుపు పెట్టుకోండి అంది. రెండు ఇళ్లకు ఒకటే మెట్లు. నోటరీ దగ్గర కాగితాలు రాసుకున్నారు. ఎందుకిస్తున్నారమ్మా అని నేనడిగితే, రాత్రిళ్లు గోడ అవతల అడుగుల చప్పుడు వినబడాలి, ఇన్నేళ్లూ పావురాలే వినబడ్డాయి అంది. ఇప్పుడు ఆ పైగదుల్లో మూడు కుటుంబాలున్నాయి.

చివరగా ఒక్క మాట, ఇది ముఖ్యంగా యానాం వాళ్లకు, ఇక్కడే కాకినాడలో జగన్నాథపురం వైపు పాత మేడలున్నవాళ్లకు. మీలో ఎవరైనా పాత ఇల్లు బాగుచేయించాలనుకుంటే ముందు మేస్త్రీని పిలవకండి, రంగుల షాపుకి వెళ్లకండి. గట్టిగా వాన పడుతున్న రోజు చూసి టార్చిలైటు పట్టుకుని అటకెక్కండి. దూలాల కొసలు గోడలోకి వెళ్లే చోట చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే దాని పైన కప్పులో ఎక్కడ కారుతోందో వెతకండి, అది ఆపాకే మిగతా పని. దిగొచ్చాక గోడ మీద సిమెంటు ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ఆ రెండూ చేశాక నాకు ఫోన్ చేయండి, నేనే వస్తాను. పక్క గదిలో బల్ల మీద ఫోటోలు పెట్టాను, ఆ సిమెంటు పెట్టిన స్తంభం ఫోటో కూడా ఉంది, వెళ్లేటప్పుడు చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందు ఆ వెనక నిలబడ్డ అమ్మాయిని అడగనివ్వండి, ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంచింది.